అమావాస్య పెట్టె

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "సార్, మీ అనుభవంలోంచి మాకో మంచి మాట చెప్పండి" అంటుంటారు. మంచి మాటలు నా దగ్గర ఎక్కువ లేవు. ఒక చెడ్డ అలవాటు సంగతి మాత్రం ఉంది. ముప్పై మూడేళ్లు దాన్ని మంచి అలవాటనే అనుకున్నాను. నా చేతికింద పనిచేసిన వాళ్లందరికీ నేర్పించాను కూడా. కాబట్టి మీలో కొందరికి అది ఇప్పటికే అంటుకుని ఉండొచ్చు.

నేను విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో హిస్టోపెథాలజీ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ మాట చెప్పగానే మా బంధువులు రక్తం తీయించుకోవడానికి చెయ్యి చాపుతారు. రక్తం కాదు మా పని. ఆపరేషన్లో తీసిన ముక్క, సూదితో తీసిన ముక్క మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో పోతపోసి చిన్న దిమ్మ చేస్తాం. బ్లాక్ అంటాం. ఆ బ్లాకుని మైక్రోటోమ్ అనే కోత మెషీనుకి బిగించి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీదికి ఎక్కించి, రంగు వేసి డాక్టరుగారి ముందు పెడతాం. ఆవిడ మైక్రోస్కోపులో చూసి క్యాన్సరో కాదో చెబుతారు. పేరు ఆవిడది, నడుంనొప్పి మాది.

మా పనికి ఒక పంచాంగం ఉంది. అమావాస్య నాడు ఒంటిమీద కత్తి పెట్టించుకునే మనిషి కృష్ణా జిల్లాలో దొరకడు. ప్రాణం మీదికొచ్చిన కేసులు తప్పితే ఆ రోజు థియేటర్లు ఖాళీ. ఎంత పెద్ద సర్జనైనా "ఎల్లుండి చేద్దాంలెండి" అంటాడు. పేషెంటు నమ్మకాన్ని గౌరవిస్తున్నానని చెబుతాడు కానీ, ఆయన కొత్త కారు కూడా ఆ రోజు ఇంటికి తెచ్చుకోడు. కాబట్టి నెలకోసారి మా ల్యాబుకి ముక్కలు రావు. పని లేకుండా కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. కంకిపాడు నుంచి బస్సులో నిలబడి వచ్చింది ఫోను చూసుకోవడానికా?

అందుకని ఆ రోజుకి నేను ఒక పని కల్పించుకున్నాను. బ్లాకుని మెషీనుకి బిగించిన ప్రతిసారీ ముందు దాని ముఖం సమం చెయ్యాలి. ఆ సమం చెయ్యడంలో నాలుగైదు పొరలు చెత్తబుట్టలోకి పోతాయి. పెద్ద ముక్కయితే ఫరవాలేదు. ఊపిరితిత్తిలోంచి సూదితో తీసిన ముక్క అయితే సేమ్యా తుంపంత ఉంటుంది. డాక్టరు ఇవాళ ఒక రంగు వెయ్యమని, నెల పోయాక ఇంకోటి వెయ్యమని అడిగితే, బిగించిన ప్రతిసారీ కొంత పోయి, చివరికి మైనం మాత్రం మిగులుతుంది. అందుకే అమావాస్య నాడు అలాంటి బ్లాకులన్నీ తీసి, ఒక్కసారే బిగించి, ఒక్కోదానికి ఎనిమిదేసి, పదేసి స్లైడ్లు కోసి దాచేవాణ్ని. ఏ నెలలో కోశానో వజ్రం ములికి ఉన్న పెన్సిల్‌తో గాజు మీద గీసేవాణ్ని. శ్రా, భా, ఆ, కా. అన్నీ ఒక చెక్కపెట్టెలో వరసగా ఉండేవి. ల్యాబులో అందరూ దాన్ని అమావాస్య పెట్టె అనేవారు.

మేడం, అంటే మా పెథాలజిస్టుగారు, ఎప్పుడు ఏ రంగు అడిగినా నేను బ్లాకు వెతుక్కోనక్కర్లేదు. పెట్టె తెరవడం, స్లైడు తియ్యడం. "మీరుంటే నాకు ధైర్యమండీ" అని ఆవిడ ఒకసారి అన్నారు. ఆ మాటని నేను బస్సెక్కి ఇంటిదాకా మోసుకుపోయి మా ఆవిడకి అప్పజెప్పాను. ఆవిడ "అయితే జీతం పెంచుతారా?" అంది.

ఇంతలో కొత్త పరీక్ష ఒకటి వచ్చింది. పీడీ-ఎల్‌వన్ అంటారు. పేరు బస్సు నంబరులా ఉందన్నాను. మేడం నవ్వకుండా టీ పక్కన పెట్టి నాకు విడమరచి చెప్పారు.

"మన ఒంట్లో కాపలా కణాలుంటాయి కదండీ. అవి కణితి దగ్గరికెళ్లి, శత్రువు ఇక్కడుంది రండి అని మిగతావాటికి కబురు పెడతాయి. ఆ కబురు కూడా ఒక రసాయనమే, ఇంటర్‌ఫెరాన్ అని. చిక్కేంటంటే, ఆ కబురు కణితికీ వినపడుద్ది."

"వినపడితే?"

"వన్‌టౌన్ బజార్లోకి తూనికల ఆఫీసర్లు వచ్చారనుకోండి. ఆ కబురు మంచి కొట్టుకీ చేరుద్ది, దొంగ కొట్టుకీ చేరుద్ది. దొంగ కొట్టువాడు ఏం చేస్తాడు? గబగబా సీలున్న కాటా తెచ్చి ముందర పెడతాడు. ఆఫీసరు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు. కణితీ అంతే. కబురు వినగానే తన ఒంటిమీద ఒక ప్రొటీన్ని నిలబెట్టుద్ది. నేను మీవాణ్ణే, కొట్టొద్దు అని దానర్థం. అదే పీడీ-ఎల్‌వన్. కాపలా కణం దాన్ని చూసి చేతులు కట్టుకుని కూర్చుంటుంది."

"అసలు అలాంటి గుర్తు ఒకటి ఒంట్లో ఎందుకండీ?"

"మనకోసమే. జబ్బు తగ్గాక కూడా కాపలావాళ్లు కొడుతూనే ఉంటే ఒళ్లే మిగలదు. ఇక చాలు ఆపండి అని చెప్పడానికి ఉన్న గుర్తది. కణితి దాన్ని వాడుకుంటోంది. ఇదొక్కటే కాదు. గాయం మానడానికని ఒళ్లు పంపే కబుర్లుంటాయి, రక్తం పంపండి, కణాల్ని పెంచండి అని. అవి కణితికి ఎరువు."

క్యాన్సర్‌కి వచ్చిన కొత్త మందు చేసే పనల్లా ఆ గుర్తుకి ముసుగు వెయ్యడమేనట. గుర్తు కనపడకపోతే కాపలా కణాలు మళ్లీ కొట్టడం మొదలుపెడతాయి. కాబట్టి ఆ గుర్తు ఉన్న కణితికే ఆ మందు బాగా పనిచేసే అవకాశం. ఉందో లేదో చెప్పడం మా పని. స్లైడుకి రంగు వేస్తే, గుర్తున్న కణాలు ఇటుకరంగులోకి తిరుగుతాయి. లేనివి నీలంగానే ఉండిపోతాయి.

పరీక్ష సామానుతో పాటు ఒక పెద్ద మడతల కాగితం వచ్చింది, చీమతలకాయలంత అక్షరాలతో. ముప్పై ఏళ్ల సర్వీసున్నవాడు కాగితం చదివి రంగు వేస్తాడా? దాన్ని నా టీ గ్లాసు కింద పరిచాను.

అప్పటికి మా దగ్గర ఒక అమ్మాయి చేరి రెండేళ్లయింది. టెక్నీషియన్ కోర్సులో మంచి మార్కులతో పాసైన పిల్ల. వాళ్ల నాన్న వన్‌టౌన్లో కుట్టుమెషీన్లు బాగుచేస్తాడు. ఏ మెషీనుతో వచ్చిన పుస్తకాన్నైనా మొదటి పేజీ నుంచి చదవాలనే జబ్బు వాళ్ల ఇంట్లో ఉంది. ఒకరోజు నా గ్లాసు ఎత్తి, ఆ కాగితం తీసుకుని, టీ మరకలు తుడుచుకుని చదువుకోవడం చూశాను. చదువుకోనీలే, ఇంగ్లీషు వస్తుంది అనుకున్నాను.

ఇక కేసు సంగతి. చల్లపల్లి అవతల ఒక ఊళ్లో చీరలు నేసే మనిషి. యాభై దాటి ఉంటాయి. బీడీ కూడా ముట్టనివాడు. ఊపిరితిత్తిలో క్యాన్సర్. శ్రావణమాసంలో ముక్క మా దగ్గరికే వచ్చింది, మేడమే తేల్చారు. కీమో పెట్టారు. ఆరు నెలలు కాస్త నెమ్మదించి మళ్లీ పెరిగింది. అప్పుడు హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో కొత్తమందు ట్రయల్ జరుగుతోందని వాళ్ల డాక్టరు చెప్పాడు. చేరితే మందు ఉచితం. కొనుక్కోవాలంటే మగ్గం, ఇల్లు, ఊరు కలిపి అమ్మినా చాలదు. చేర్చుకోవాలంటే ఒకటే షరతు. పీడీ-ఎల్‌వన్ సగానికి పైగా కణాల్లో ఉండాలి. ఉంటే మందు, లేకపోతే ఇంటికి.

ఆర్డరు వచ్చింది. నేను పెట్టె తెరిచాను. ఆ నంబరు మీద స్లైడ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి తీసి రంగు వేసే మెషీనులో పెట్టాను. దాని పక్కన కంట్రోలు స్లైడు కూడా పెట్టాలి, రంగు సరిగా పడిందా లేదా తెలియడానికి. అది టాన్సిల్ ముక్క. టాన్సిళ్లకి మాకు కరువు లేదు కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు కోసుకునేవాళ్లం. ఆ రోజూ అప్పటికప్పుడు కోసిందే.

సాయంత్రానికి కంట్రోలు చక్కగా ఇటుకరంగు తిరిగింది. నేతాయన స్లైడు మాత్రం వినాయక చవితి ఆకాశంలా ఒకటే నీలం, బూడిద. మేడం చూశారు, కంట్రోలు కూడా చూశారు. నెగటివ్ అని సంతకం పెట్టారు.

స్లైడ్లు సర్దుతూ ఆ అమ్మాయి మైక్రోస్కోపు దగ్గర ఆగిపోయింది.

"సార్, ఒకసారి చూస్తారా?"

"ఏంటి?"

"కణితి పక్కన మామూలు ఊపిరితిత్తి కొంచెం ఉంది సార్. అందులో మాక్రోఫేజులు ఉన్నాయి. దుమ్ము తినే కణాలు. వాటికి మామూలుగానే కొంచెం రంగు రావాలి కదా. వాటికీ రాలేదు."

"కంట్రోలు వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది సార్."

"మేడం సంతకం పెట్టారా, లేదా?"

"పెట్టారు సార్. కాకపోతే ఆ కాగితంలో..."

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచి నేను స్లైడ్లు కోస్తున్నా. నీ కాగితం సంగతి నాకు చెప్పొద్దు."

ఆ పిల్ల నోరు మూసుకుంది. మూసుకోవాలనే నేను అరిచాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మనిషిని నేను, అప్పట్లో దాన్ని అనుభవం అనుకునేవాణ్ని.

మర్నాడు రిపోర్టు తీసుకోవడానికి ఆయన భార్య వచ్చింది. కౌంటర్లో అబ్బాయి చదివి చెప్పాడు, నెగటివ్ అని. ఆవిడ రిపోర్టుని రెండు కళ్లకీ అద్దుకుంది. "నెగిటివ్ అంటే మంచిదేగా బాబూ" అని అటుగా వెళుతున్న నన్ను అడిగింది. కరోనా వెళ్లి ఎంతో కాలం కాలేదు, జనం మనసులో నెగటివ్ అంటే గండం గడిచినట్టే. "డాక్టరుగారు చెబుతారమ్మా" అని తప్పించుకున్నాను. నిజం చెప్పడం మా డ్యూటీ కాదు కదా, కొయ్యడం వరకే.

రెండు వారాలు గడిచాయి. ఒక గురువారం ఉదయం మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చారు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా మాత్రం వేసుకున్నాడు. హైదరాబాదు వాళ్లు రిపోర్టు చూసి కుదరదన్నారట. ఎవరో బ్లాకు అడిగి తెచ్చుకోమంటే వచ్చారు.

"ఇంకోచోట చేయిస్తారా?" అన్నాను.

"ఏం చేపిస్తామండీ. శనివారంతో లిస్టు మూసేత్తారంట. ఈడికి రావాలా వద్దా అని తేల్చుకోటానికే రెండు వారాలు పట్టింది మాకు," అన్నాడాయన. "మా అమ్మాయి పోరు పడలేక వచ్చాం. బ్లాకు ఇంట్లో ఉంటే ఎప్పటికైనా పనికొచ్చుద్దని."

బ్లాకు బయటికి ఇవ్వాలంటే ఒక ఫారం నింపాలి. పేషెంటు నంబరు, మిగిలిన ముక్క ఎంత, ఎన్ని స్లైడ్లు కోశాం, ఏ తేదీన కోశాం. తేదీ కోసం స్లైడు తీసి వెలుతురుకి పెట్టి చూశాను. గాజు మీద నా చేతిరాత. శ్రా. రంగు వేసింది ఫాల్గుణంలో. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏడు నెలలు. ఏడు నెలల కింద పొట్టు తీసి గాలికి పెట్టిన పొర అది. మధ్యలో ఒక వర్షాకాలం ముసురు, ఎండ ముదరకముందే ఉక్కపోత. టాన్సిల్ మాత్రం ఆ పూట కోసింది.

ఫారం పక్కన పెట్టేశాను.

"కాస్త కూచోండి, టీ తెప్పిస్తా," అని వాళ్లకి చెప్పి లోపలికి వెళ్లాను. ఆ అమ్మాయి వాటర్ బాత్, అంటే కోసిన పొరలు తేలేసే నీళ్ల తొట్టి, తుడుస్తోంది.

"ఆ కాగితం ఏదీ?"

ఏ కాగితమని అడగలేదు. బ్యాగు జిప్పు తీసి ఇచ్చింది. రెండు వారాలుగా బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతోందన్నమాట. ఒక చోట ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. కోసిన సెక్షన్లు, అంటే పొరలు, పాతబడితే ఈ ప్రొటీన్ మీద రంగు పట్టదు, కొద్ది కాలంలోనే వాడెయ్యాలి అని దాని సారాంశం. బ్లాకులో ఉన్నంతకాలం మైనం కాపాడుతుంది. కోసి దాస్తే పోతుంది. మిగతా రంగులెన్నో పాత స్లైడ్ల మీద కూడా బాగానే వస్తాయి. ఇది రాదు. నేను ముప్పై ఏళ్లు ముక్క వృథా కాకూడదని దాచాను, దాచిందే పాడైంది.

"నాకు గట్టిగా చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పనిచ్చారా సార్?" అంది.

మేడం గదిలోకి వెళ్లాను. నిలబడే చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"కంట్రోలు ఎప్పుడు కోసింది?"

"ఆ రోజేనండీ."

"పేషెంటుది?"

"శ్రావణ అమావాస్యకి."

"ఇది ల్యాబా అండీ, పంచాంగమా?"

ఆ స్లైడు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"అమ్మాయి చూసిందన్నారు. మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనే నోరు మూయించానండీ."

ఆవిడ ఒక్క కేక వేస్తే బాగుండునని నాకు అనిపించింది. కేక వెయ్యలేదు. "నేనూ మాక్రోఫేజుల్ని చూడాల్సింది. కంట్రోలు చూసి సంతకం పెట్టాను," అన్నారు. తర్వాత "బ్లాకులో ఏమన్నా మిగిలిందా?" అని అడిగారు.

మిగిలింది. గోటి చివర గీతంత. రెండు, మూడు సెక్షన్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అది అయిపోతే ఆ మనిషికి ఇంకో ముక్క తియ్యాలి, మళ్లీ ఊపిరితిత్తిలోకి సూది. శనివారం లోపల అది జరిగే పని కాదు.

మైనం గట్టిపడటానికి బ్లాకుని ఐసు మీద పెట్టాను. కొత్త బ్లేడు బిగించాను. అమ్మాయి వాటర్ బాత్ పక్కన స్లైడు పట్టుకుని నిలబడింది. నేను కొయ్యాలి, నీళ్ల మీద తేలిన పొరని ఆ పిల్ల స్లైడు మీదికి పట్టాలి. చక్రం తిప్పాను. మొదటి పొరలో మైనమే వచ్చింది. రెండోదీ మైనమే. ముఖం సమం కావడం లేదు. ఒక మైక్రాన్ ఎక్కువ జరిగితే ముక్కంతా చెత్తలోకి పోతుంది. ముప్పై మూడేళ్లలో ఎన్ని లక్షల సార్లు ఆ చక్రం తిప్పానో నాకే తెలియదు. ఆగి, ఆంజనేయ దండకం మనసులో చదువుకుని మళ్లీ తిప్పాను. మూడోదాంట్లో సన్నగా, తెల్లగా కనపడింది.

"వచ్చింది సార్," అంది ఆ పిల్ల, ఊపిరి బిగబట్టుకునే.

పట్టింది. నాలుగోది సగం వచ్చింది. అదీ పట్టింది. ఐదోసారికి మైనం తప్ప ఏమీ లేదు. ఆ బ్లాకు కథ అక్కడితో సరి.

నేతాయన, భార్య బయట టీ తాగి గంటన్నర నుంచి కూర్చునే ఉన్నారు. బ్లాకు ఇప్పుడే ఇవ్వలేమని, రేపు మధ్యాహ్నం రమ్మని చెప్పాను. "మళ్లీ ఏమైందండీ?" అని ఆవిడ అడిగింది. మళ్లీ తప్పించుకున్నాను. మనిషి ఒక్కరోజులో మారడు కదా. చల్లపల్లి వెళ్లి మళ్లీ రావడం ఆయనకి కష్టమని, వాళ్లు ఆ రాత్రికి ఎవరో బంధువుల ఇంట్లో పటమటలో ఉండిపోయారు.

శుక్రవారం ఉదయానికి రంగు అయింది. ముందు అమ్మాయి చూసింది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. మాక్రోఫేజులు ఇటుకరంగు. కణితి కూడా. అంచుల్లో మరీ ముదురుగా, కాపలా కణాలు వచ్చి గుమిగూడిన వైపు. కబురు ఎక్కడ వినపడిందో అక్కడే గుర్తు నిలబెట్టింది, మేడం చెప్పినట్టే. ఆవిడ వచ్చి, ఒక్కో చోటా ఆగి లెక్కపెట్టారు. సగానికి చాలా పైన. సవరించిన రిపోర్టు టైపు చేయించి, హైదరాబాదు డాక్టరుకి తనే ఫోను చేసి, మెయిలు పంపించారు. తప్పు మా ల్యాబుదని ఫోనులోనే చెప్పారు. శనివారం పొద్దున్నే మనిషిని తీసుకురమ్మన్నారు వాళ్లు.

అప్పుడు నాతో "వాళ్లకి మీరే చెప్పండి," అన్నారు.

చెప్పాను. మధ్యాహ్నం వాళ్లు వచ్చి కూర్చున్నాక, పాజిటివ్ అనగానే నేతాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. కాదమ్మా, ఈ జబ్బులో ఇది మందుకి దారి అని, తూనికల ఆఫీసర్ల సంగతి, దొంగ కొట్టు సంగతి మొత్తం చెప్పుకొచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే మన కబురే దానికి రక్షయిందన్నమాట," అన్నాడు.

"అవునండీ."

"మరి మొదట లేదన్నారే?"

ఇక తప్పించుకోవడానికి చోటు లేదు. స్లైడు పాతదని, దాచింది నేనని, ఈ అమ్మాయి చూసి చెబితే నేను అరిచానని చెప్పాను. అమ్మాయి నేలచూపులు చూస్తోంది.

"మగ్గం మీద పోగు తప్పితే మాకు అప్పుడే కనపడుద్దండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మీ పనిలో కనపడదేమో అనుకున్నా."

"కనపడిందండీ. నేను చూడలేదు."

అప్పుడు అందుకుంది ఆవిడ.

"రెండు వారాలండీ! రెండు వారాలు ఈయన గోడ వైపుకి తిరిగి పడుకున్నాడు. పిలిచినా పలకలా. చీరె సగంలో ఉంటే దాని మొహం చూడలా. నేను అన్నం కంచం పట్టుకుని పక్కన కూచునేదాన్ని. మీరేమో పెట్టెలో దాచానంటారు!"

నేను రెండు చేతులూ జోడించాను. సినిమాల్లో అయితే అక్కడ ఆవిడ మెత్తబడాలి. మెత్తబడలేదు. రిపోర్టు తీసుకుని, చెప్పులేసుకుని, మొగుణ్ణి పట్టుకుని ఆటో ఎక్కింది. ఆవిడ చేసింది న్యాయం. నాకు సిగ్గుగా ఉంది, ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

శనివారం ఆయన పేరు లిస్టులో చేరింది. మందు మొదలైంది. మూడు నెలలకి స్కాన్‌లో కణితి తగ్గిందని వాళ్ల డాక్టరు మేడంతో చెప్పారు. అక్కడితో ఈ కథ ఆపితే నేను మంచివాడిగా మిగిలిపోతాను. మీరు కూడా హాయిగా పేజీ తిప్పుతారు.

ఆయన లిస్టులో చేరిన శనివారం దాటిన సోమవారమే మేడం నన్ను పిలిచి, "ఈ పరీక్ష మొదలుపెట్టినప్పటి నుంచి నెగటివ్ ఇచ్చినవన్నీ తియ్యండి. పాత స్లైడు మీద చేసినవెన్నో చూడండి," అన్నారు. నేనూ, అమ్మాయీ రెండు రోజులు కూర్చుని వెతికాం. అమావాస్య పెట్టెలోంచి తీసి చేసినవి ఐదు దొరికాయి. ఐదింటి బ్లాకులూ మళ్లీ కోశాం. ఈసారి నేను నీళ్ల దగ్గర నిలబడ్డాను, ఆ పిల్ల కోసింది. నాలుగు మళ్లీ నెగటివే వచ్చాయి. ఒకటి ఇటుకరంగు తిరిగింది.

బందరు మనిషి. బడిలో అటెండరు. నంబరు ఉంది. మేడం చేస్తానన్నారు, నేనే చేస్తానని ఫోను తీసుకున్నాను. ఒక ఆడమనిషి ఎత్తింది. నేను ఎవరో, ఎక్కడి నుంచో చెప్పి, ఆయన ఉన్నారా అని అడిగాను.

"ఆయన కార్తీకంలో పోయారండీ. నేను ఆయన భార్యని. ఏంటో చెప్పండి."

ఏమీ లేదమ్మా, పొరపాటున చేశాను అని పెట్టెయ్యొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా ఆ అమ్మాయి నిలబడి నా మొహంలోకే చూస్తోంది.

చెప్పాను. అప్పుడు లేదని ఇచ్చిన రిపోర్టు తప్పని, ఇప్పుడు చేస్తే ఉందని వచ్చిందని, తప్పు నాదని. అవతల వీధిలో ఎవరో చేపలమ్ముకుంటున్న కేక వినపడింది.

"అంటే, ఆ మందు పడితే బతికేవారా అండీ?"

"తెలియదమ్మా. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. కానీ ఆ మందు అడిగే వీలు ఆయనకి ఉండేది. అది నా వల్ల పోయింది."

"ఇప్పుడెట్టా తెలిసిందండీ మీకు?"

"ఇంకో పేషెంటుకి ఇలాగే జరిగిందమ్మా. చల్లపల్లి వైపు ఆయన. అది చూసి పాతవన్నీ మళ్లీ తీశాం."

"ఆయనకి అందిందా మందు?"

"అందిందమ్మా. మొన్న మొదలైంది."

ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"సరేనండీ. ఆయన్నన్నా జాగ్రత్తగా చూడండి," అని ఫోను పెట్టేసింది.

నేను రిజిస్టరు తెరిచి, ఆ నంబరుకి ఎదురుగా "కుటుంబానికి తెలియజేయడమైనది" అని రాసి, కింద సంతకం పెట్టాను.